కెమెరా కొనే ముందు మెడ తిప్పడం నేర్చుకో

బిడ్డా,

తల పక్కకు తిప్పితే స్క్రీనే కనబడదు కదా మామా అని అడిగావు చూడు, నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్‌లో అసలు ప్రశ్న అదొక్కటే. విమానం నడిపే ఆటలో తల కదలికను పట్టడానికి ట్రాక్‌ఐఆర్ కొనాలా, టోబీ కొనాలా, ప్లేస్టేషన్ 3 (పీఎస్3) కెమెరాతో సొంతంగా చేసుకోవాలా అని మిగతాదంతా రాశావు గానీ, దానికి జవాబు దీని వెనకాలే వస్తుంది.

స్క్రీన్ ఎక్కడికీ పోదు. నువ్వు తిప్పేది కొంచెమే. నీ తల ఎడమకు 25 డిగ్రీలు తిరిగితే ఆటలో పైలట్ తల 135 డిగ్రీలు తిరిగేట్టు సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటాం. తల పక్కకు పోయినా కళ్లు స్క్రీన్ మీదే ఉంటాయి. మొదట్లో చిత్రంగా ఉంటుంది, రెండు మూడు సాయంత్రాల్లో ఆ సంగతే మర్చిపోతావు.

ఇక ఆటలో బేగంపేట విమానాశ్రయం గొడవ. 27 రన్‌వే నుంచి లేచి, ఎడమ సర్క్యూట్ (మళ్లీ దిగడానికి రన్‌వే చుట్టూ వేసే చుట్టు) పట్టి, హుస్సేన్‌సాగర్ పక్క నుంచి తూర్పుకు పోయి, బేస్‌కు (రన్‌వే వైపు అడ్డంగా వచ్చే భాగానికి) మళ్లేసరికి రన్‌వే మాయమైపోతోందన్నావు. జాయ్‌స్టిక్ మీది హ్యాట్ స్విచ్ నొక్కితే చూపు టక్కున పక్కకు దూకుతుందనీ, మళ్లీ ముందుకు చూసేసరికి విమానం ముక్కు కిందికి పోయి ఉంటుందనీ అన్నావు. అందులో నీ తప్పేం లేదు. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వే పక్కగా ఎదురు దిక్కుకు, పోతున్నప్పుడు రన్‌వే మొదలు నీ ఎడమ రెక్కను దాటి, దాని వెనక 45 డిగ్రీలకు పోయాక బేస్‌కు తిప్పాలి. ముక్కు నుంచి కొలిస్తే అది 135 డిగ్రీలు. నీ లాప్‌టాప్ స్క్రీన్ ఎడమవైపు అందులో మూడోవంతు చూపిస్తే గొప్ప. ఎప్పుడు తిప్పాలో చెప్పే గుర్తు నీ భుజం వెనక ఉంది, నువ్వేమో ముందుకు చూస్తూ అందాజుగా తిప్పుతున్నావు. మీ తమ్ముడు నవ్వాడని ఏడవకు, వాణ్ని కూర్చోబెట్టినా అంతే.

ఒక చిన్న తిట్టు మాత్రం తప్పదు. నీ నోట్‌బుక్ ఫొటోలో సర్క్యూట్ ఎత్తు 1,000 అడుగులని రాసుకున్నావు. అది నేల నుంచి లెక్క తల్లీ! బేగంపేట నేలే సముద్రమట్టానికి 1,740 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంది. ఆల్టిమీటర్ 2,750 దగ్గర ఉండాలి. వెయ్యి దగ్గర తిరగాలంటే బోరుబావిలో దిగి తిరగాలి.

ఇప్పుడు నా పాత పాట. వినక తప్పదు.

సికింద్రాబాద్–వాడి లైన్లో రైలు నడిపినవాణ్ని కాబట్టి చెబుతున్నా. ఇంజన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నల్ కనబడగానే దాని రంగు నోటితో పైకి చెప్పాలి. ఒకరు చెబితే రెండోవారు చూసి మళ్లీ అదే చెప్పాలి. ఇద్దరికీ కళ్లున్నాయి కదా, అరుపులెందుకు అని మీ అమ్మ చిన్నప్పుడు నన్ను వెక్కిరించేది. కన్ను చూసినా మనసు చూడకపోవచ్చు, అందుకే ఆ అరుపు. రోజూ పోయే దారిలో ఇది మరీ ఎక్కువ. ధారూరు దాటాక ఫలానా చోట పచ్చ ఉంటుందని బుర్ర ముందే అనేసుకుంటుంది, ఆ రోజు అక్కడ పసుపు ఉన్నా పచ్చగానే కనబడుతుంది. నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం కన్ను ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తుంది.

అంతకన్నా నీకు పనికొచ్చేది ఇంకోటుంది. వంపు వచ్చిందంటే తల బయటికి పెట్టి వెనక్కి చూడాలి. తాండూరు నుంచి సిమెంటు ర్యాకు లాక్కొని వస్తుంటే, బండి మొత్తం ఒక పక్కకు వంగి కనబడేది ఆ వంపులోనే. ఎక్కడన్నా పొగ వస్తోందా, ఇరుసు కాలుతోందా, ఏదన్నా వేలాడుతోందా అని చూసుకోవాలి. స్టేషన్ దాటేటప్పుడు వెనక నుంచి గార్డు పచ్చ జెండా ఊపుతున్నాడా అని చూడాలి. ఇప్పుడు గార్డు అనడం లేదులే, 2022 నుంచి ట్రెయిన్ మేనేజర్ అంటున్నారు. నేను చెప్పొచ్చేది, అక్కడ మెడ ఎప్పుడు తిరగాలన్నది మన బుద్ధి పుట్టినప్పుడు కాదు, దానికొక చోటు ఉంది, ఒక కారణం ఉంది. వంపు దాటాక వెనక్కి చూసి లాభం లేదు. పట్టాలు ఎదురుగా పిలుస్తున్నప్పుడు వెనక్కి చూడ్డమూ ప్రమాదమే.

సర్క్యూట్‌లోనూ మెడ తిరిగే చోట్లున్నాయి. ప్రతి మలుపుకు ముందు ఆ వైపు చూడాలి, అక్కడ ఇంకో విమానం లేదని. డౌన్‌విండ్‌లో రన్‌వే మొదలు సరిగ్గా పక్కకు వచ్చినప్పుడు ఒకసారి చూసి పవర్ తగ్గించాలి. 45 డిగ్రీలు వెనక్కి పోయినప్పుడు ఇంకోసారి చూసి తిప్పాలి. బేస్‌లో ఎడమకు రన్‌వే, కుడికి దూరం నుంచి ఫైనల్‌లో (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దారిలో) ఎవరన్నా వస్తున్నారా అన్నది చూడాలి. ఫైనల్ మీదికి వచ్చాక రన్‌వే మొదలు, వేగం, మళ్లీ రన్‌వే మొదలు. ఇవన్నీ నోటితో పైకి చెప్పుకుంటూ చెయ్యి. మీ అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి పిల్లకేమైందో అనుకుంటే అనుకోనీ.

ఇది ఆటల వరకే అనుకోకు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కేడెట్లకు చుట్టూ చూడ్డం ఒక పాఠమే. 2016 జూన్ 18న మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు, అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, అక్కడినుంచే బయటికొచ్చారు. మనవాళ్ల దగ్గరున్న మిగ్-29లో అయితే పైలట్ హెల్మెట్ ఎటు తిరుగుతోందో విమానమే కనిపెడుతుంది, ఆర్-73 క్షిపణి అటే చూస్తుంది. నువ్వు టేబుల్ మీద పెట్టుకోవాలనుకుంటున్నది ఆ జాతి సామానే. 2022 డిసెంబర్‌లో మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో దిగిన గుండ్రటి డబ్బా గురించి విన్ననాటి నుంచి నీకు ఈ ఆకాశం పిచ్చి అని మీ నాయిన అంటాడు. అది హైదరాబాద్ నుంచి బెలూన్‌కు కట్టి పంపిన డబ్బా. లోపల మనిషి లేడు, మెడ తిప్పే బాధా లేదు. నీకు ఉంది.

సరే, సామాన్ల సంగతి.

ముందు పైసా ఖర్చు లేనిది. నీ లాప్‌టాప్‌లో కెమెరా ఉంది. ఓపెన్‌ట్రాక్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దాంట్లో న్యూరల్‌నెట్ ట్రాకర్ ఎంచుకుంటే కెమెరా నీ ముఖాన్నే చూసి తల ఎటు తిరిగిందో లెక్కగడుతుంది. తలమీద ఏమీ పెట్టుకోనక్కర్లేదు. ముఖం మీద వెలుతురు పడాలి, అంతే. నీ ఫొటోలో ట్యూబ్‌లైట్ నీ వెనక గోడకు ఉంది, ముఖమంతా చీకటి. బల్లను తిప్పి వెలుతురుకు ఎదురుగా కూర్చో. సెకనుకు 30 ఫ్రేములే కాబట్టి చూపు కాస్త వెనకబడినట్టు ఉంటుంది, ప్రాసెసర్ మీద కొంత బరువూ పడుతుంది. కెమెరా మరీ మసకగా ఉంటే ఫోన్‌లో స్మూత్‌ట్రాక్ అనే యాప్ పెట్టు, అది వైఫై మీద ఓపెన్‌ట్రాక్‌కే పంపుతుంది. ఎండాకాలంలో ఫోన్ పెనంలా కాలిపోతుంది, ముందే చెబుతున్నా.

పరికరం ఏదైనా, మంచిచెడ్డలు తేలేది మ్యాపింగ్ కిటికీలోనే. అక్కడ గీత ఉంటుంది: నీ తల ఇంత తిరిగితే ఆటలో చూపు ఎంత తిరగాలి అని. అందరూ చేసే పని ఆ గీతను సున్నా నుంచి నిటారుగా లేపడం. దాంతో నువ్వు ఊపిరి పీల్చినా కాక్‌పిట్ ఊగుతుంది, మీటర్లు చదవలేవు, తల తిరుగుతుంది, చివరికి కెమెరా బాలేదని కొత్తది కొంటావు. మొదటి మూడు నాలుగు డిగ్రీలు గీతను పడుకోబెట్టు. ఎదురుగా చూస్తున్నప్పుడు లోకం కదలకూడదు. ఆ తర్వాత మెల్లగా లేపి, 15 డిగ్రీలు దాటాక గట్టిగా లేపు. రోల్, అంటే తల భుజం మీదికి వాల్చడం, పూర్తిగా తీసెయ్యి, దాంతో పని లేదు. ముందుకు వంగితే మీటర్లు దగ్గరికి రావడం మాత్రం ఉంచుకో, కళ్లజోడు పిల్లవు కదా. యాక్సెలా ఫిల్టర్‌లో నునుపు పెంచితే వణుకు తగ్గుతుంది, ఆలస్యం పెరుగుతుంది. రెంటికీ మధ్య నీకు నచ్చిన చోటు నువ్వే వెతుక్కోవాలి. సెంటర్ చేసే మీటను జాయ్‌స్టిక్ మీద చూడకుండా అందే గుండీకి పెట్టు. కుర్చీలో కొంచెం జారినా నొక్కాల్సింది అదే.

దీంతో ఒక నెల తిరుగు. అప్పటికీ వెనకబాటు చిరాకు పెడితే మూడు లైట్ల క్లిప్పు చేసుకుందాం. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగిచ్చే ఎల్‌ఈడీలు మూడు, హెడ్‌ఫోన్‌కు ఒక పక్క, ఒకే గీతలో రాకుండా పెట్టాలి. ఒకటే ఉంటే కెమెరాకు తల ఎక్కడుందో తెలుస్తుంది గానీ ఎటు తిరిగిందో తెలియదు. మూడుంటే ఆ త్రికోణం నొక్కుకుపోయిన తీరును బట్టి తిరిగిందెటో, చిన్నదయిన తీరును బట్టి దూరమెంతో లెక్కకు వస్తుంది. మూడింటినీ వరసగా కలిపి, మధ్యలో 22 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, యూఎస్‌బీ 5 వోల్టులకు ఇస్తే చాలు. రెసిస్టర్ లేకుండా ఇచ్చావో, ఎల్‌ఈడీలు పోతాయి, నా దగ్గర చీవాట్లూ తింటావు. వాటి గుండ్రటి తలను ఆకురాయితో కాస్త చదును చేస్తే వెలుగు పక్కలకూ పరుచుకుంటుంది. వెలుగుతున్నాయో లేదో ఫోన్ ముందు కెమెరాలో చూడు, ఊదారంగులో కనబడతాయి. టీవీ రిమోట్‌ను అలా చూశావా ఎప్పుడైనా?

దీనికి కెమెరా పీఎస్3 ఐ. 2007లో వచ్చింది, ఇప్పుడు తయారు చేయడం లేదు, పాతవే దొరుకుతాయి. సెకనుకు 60 ఫ్రేములు, ఓపెన్‌ట్రాక్‌కు బాగా అలవాటైన కెమెరా. దాని లెన్స్‌లో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే చిన్న గాజు తీసేసి, మామూలు వెలుగును ఆపడానికి పాత ఫొటో ఫిల్మ్‌లో కడిగాక నల్లబడిన ముక్క పెట్టాలి. తాండూరులో పాత స్టూడియోలవాళ్ల దగ్గర అడుగు, నవ్వుకుంటూ ఊరికే ఇస్తారు.

ట్రాక్‌ఐఆర్ చెడ్డదని నేననను. అమెరికాలో ఓరెగాన్‌లోని నేచురల్‌పాయింట్ అనే కంపెనీది. సినిమాల్లో నటుల కదలికలు పట్టే ఆప్టిట్రాక్ కెమెరాలూ వాళ్లవే. ట్రాక్‌ఐఆర్ 5 సెకనుకు 120 ఫ్రేములు చూస్తుంది, వెన్నలా నడుస్తుంది. కానీ అక్కడే ఖరీదు ఎక్కువ, ఇక్కడికి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. చేసే పని మన మూడు లైట్ల క్లిప్పుదే. పైగా నీ గదికి అది తలనొప్పి. నీ వెనక పడమటి కిటికీ, కింద అద్దంలా పాలిష్ పట్టిన నాపరాళ్లు, అల్మారాలో మీ నాయనమ్మ స్టీలు డబ్బాలు. సాయంత్రం ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. నేల మీద మెరిసేదీ డబ్బా మీద మెరిసేదీ కెమెరాకు లైట్లలాగే కనబడతాయి, చూపు గిరగిరా తిరుగుతుంది. మన క్లిప్పుకూ ఇదే చిక్కు. ఏది పెట్టినా కిటికీకి మందపాటి పరదా వేయాల్సిందే. ట్రాక్‌ఐఆర్ తీసుకునే రోజు వస్తే వెలుగును తిప్పికొట్టే స్టిక్కర్ల క్లిప్పు వద్దు, సొంతంగా వెలిగే ప్రో క్లిప్పు తీసుకో.

టోబీ ఐ ట్రాకర్ 5 నీకు వద్దు. అది కళ్లను వెతికేది, నీ కళ్లజోడు అద్దాల మీద మెరుపు పడితే తడబడొచ్చు. పైగా చూపుతో తెర జరగడం నాకు నచ్చదు, మీటరు చూద్దామనుకుంటే మీటరే పక్కకు పోతుంది. జైరో చిప్ పెట్టుకుని చేసేవి తిరగడమే చెబుతాయి, వంగడం చెప్పవు, కాసేపటికి మధ్యబిందువు కూడా జారుతుంది. వీఆర్ హెడ్‌సెట్‌కు నీ లాప్‌టాప్ సరిపోదు.

కాబట్టి పండుగలకు కూడబెట్టిన పైసలు అలాగే ఉంచు. ఈ వారమే ఓపెన్‌ట్రాక్ పెట్టి, బేగంపేట 27 మీద సర్క్యూట్లు తిరిగి, నువ్వు పైకి చెప్పుకునే మాటలు వినబడేట్టు రికార్డు చేసి నాకు పంపు. మాటలు లేని రికార్డింగ్ పంపితే చూడను. కోఠి గుజరాతీ గల్లీకి పోయే పని ఎలాగూ ఉంది, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు నేను తెచ్చిపెడతా. పరీక్షలయ్యాక ఒక ఆదివారం వికారాబాద్ రా, కూర్చుని అతుకుదాం. వచ్చేటప్పుడు నీ హెడ్‌ఫోన్ మర్చిపోకు, క్లిప్పు కొలత దాని మీదే తీయాలి.

ఆశీస్సులతో,
మీ మామ