వీరప్పన్ వేట: తెర మీద ఎంత, అడవిలో ఎంత?

మాది లింగాల. పులివెందుల దగ్గర. చిత్రావతి రిజర్వాయరు వున్న పార్నపల్లె మా మండలంలోదే. చీనీతోటలు, అరటితోటలు తప్ప పొరుగువాళ్లకు చెప్పుకోదగ్గ వింతలు మా వూళ్లో ఏమీ లేవు. అయినా నేను ఎక్కడికి పోయినా, మాది పులివెందుల పక్కన అనగానే ఎదుటివాడి కళ్లల్లో ఒక వెలుగు కనిపిస్తుంది. "అయితే మీ యింట్లో బాంబులుంటాయా?" అంటాడు. పోయినేడు ఒక ఇంటర్వ్యూకు పోతే అక్కడ కూర్చున్న పెద్దమనిషి కూడా నవ్వుతూ అదే అడిగాడు. నేనూ నవ్వి వూరుకున్నాను. ఆయన్ను అని ఏం లాభం? 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర', ఆ తర్వాత వాటి వెనకాల వచ్చినవన్నీ చూసినవాడికి మా సీమ అంటే సుమోలూ కొడవళ్లే. కక్షలు మా దగ్గర లేవని నేను అనను. రాత్రికి రాత్రి నరికేసిన చీనీతోటలు మా పెద్దవాళ్లకు తెలుసు. కానీ ఆ తోట పెట్టుకున్నవాడు మర్నాడు పొద్దున ఆ మోడుల మధ్య ఏం చేశాడన్నది మటుకు ఏ సినిమాలోనూ నాకు కనబడలేదు.

ఇలా తెర మీద తన వూరిని చూసి "ఇది మా వూరు కాదే" అనుకున్నవాడికి, 'యథార్థ సంఘటనల ఆధారంగా' అనే అక్షరాలు కనబడగానే ఒక అనుమానం పుడుతుంది. ఆ అనుమానమే ఈ వ్యాసానికి మూలం. దానికి నేను తీసుకొన్న ఉదాహరణ వీరప్పన్.

2023 ఆగస్టులో 'ది హంట్ ఫర్ వీరప్పన్' అనే నాలుగు భాగాల డాక్యుమెంటరీ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. దర్శకుడు సెల్వమణి సెల్వరాజ్. హాస్టల్లో ఒక్క ఫోను చుట్టూ ఐదుగురం చేరి రెండు రాత్రుల్లో చూసేశాం. అక్కడితో ఆగక వెనక్కి నడిచాం. 2016లో మన రామ్‌గోపాల్ వర్మ తీసిన 'కిల్లింగ్ వీరప్పన్', 2013లో ఏ.ఎం.ఆర్. రమేశ్ కన్నడంలో 'అట్టహాస' అని, తమిళంలో 'వనయుద్ధం' అని తీసిన సినిమా. అంతకు ముందు 2007లో మక్కళ్ టి.వి.లో గౌతమన్ దర్శకత్వంలో మొదలైన 'సందనక్కాడు' అనే ధారావాహిక. దాని ముక్కలు కొన్ని దొరికితే, మా గదిలోని చిత్తూరు మిత్రుడు తమిళం తెలిసినవాడు గనక మాకు అర్థం చెబుతూ వచ్చాడు. ఒకే మనిషి కథ, నాలుగు రకాలుగా.

ముందు నిక్కంగా జరిగిందేమిటో చూద్దాం. 2000 జూలై 30 రాత్రి, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని తమిళనాడులో వున్న గాజనూరు తోట యింటికి వీరప్పన్ ముఠా వచ్చి, కన్నడ నటుడు రాజ్‌కుమార్‌నూ ఆయన అల్లుడు గోవిందరాజుతో సహా మరి ముగ్గురినీ అడవిలోకి తీసుకుపోయింది. ఆయనకప్పుడు 71 యేళ్లు. ఇంతకు పదహారు రోజుల ముందే, జూలై 14న, అదే రామ్‌గోపాల్ వర్మ హిందీ సినిమా 'జంగిల్' విడుదలైంది. అడవికి విహారానికి పోయినవాళ్లను ఒక బందిపోటు ఎత్తుకుపోవడమే దాని కథ. సినిమా అప్పటికింకా హాళ్లలో ఆడుతుండగానే నిజం దాన్ని దాటి వచ్చిందన్నమాట.

రాజ్‌కుమార్ మనకు పరాయివాడు కాడు. 1954లో 'బేడర కణ్ణప్ప'తో ఆయన కథానాయకుడయ్యాడు. దాన్నే తెలుగులో 'కాళహస్తి మహాత్మ్యం'గా తీస్తే అందులోనూ కన్నప్ప ఆయనే. ఆయన నటించిన తెలుగు చిత్రం అదొక్కటే. మన జిల్లాలో రాజంపేట దగ్గరి ఊటుకూరే కన్నప్ప పుట్టినవూరని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మా అవ్వ చిన్నపిల్లగా వున్నప్పుడు పులివెందులలో టూరింగ్ టాకీసులో ఆ సినిమా చూసిందట. తెర మీద అడవిలో వేటాడిన మనిషి, ముసలితనంలో నిజమైన అడవిలో బందీ అయ్యాడు.

108 రోజులు. బెంగుళూరు రోజుల తరబడి మూతపడింది. కర్ణాటకలో ఎస్.ఎం. కృష్ణ, తమిళనాడులో కరుణానిధి ముఖ్యమంత్రులు. 'నక్కీరన్' పత్రిక సంపాదకుడు గోపాల్ పలుమార్లు అడవిలోకి పోయి రాయబారం నడిపాడు. ఆ తర్వాత నెడుమారన్ కూడా పోయాడు. వీరప్పన్ కోర్కెలు డబ్బు మాటలు కావు, రాజకీయాల మాటలు. కావేరి గొడవల్లో నష్టపోయిన తమిళులకు పరిహారం, బెంగుళూరులో తిరువళ్లువర్ విగ్రహం ఆవిష్కరణ (అది చివరకు 2009లో గానీ కాలేదు), మైసూరు జైల్లో టాడా కింద మగ్గుతున్నవాళ్ల విడుదల. నవంబరు 15న రాజ్‌కుమార్‌ను వదిలారు. డబ్బు చేతులు మారిందని, అప్పట్లో కర్ణాటక డి.జి.పి.గా వున్న దినకర్ తర్వాత ఒక పుస్తకం రాశారు. ప్రభుత్వం కాదన్నది.

ఇక్కడే నాకు తెరకూ అడవికీ వున్న తేడా తెలిసివచ్చింది. తెరకు 108 రోజులు పనికిరావు. పది నిమిషాలు కావాలి. ఎత్తుకుపోవడం ఒక సన్నివేశం, వదిలిపెట్టడం ఒక సన్నివేశం. మధ్యన కూర్చోవడం, నడవడం, వానకు తడవడం, మళ్లీ కూర్చోవడం, ఇవి నాటకానికి లొంగవు. బందీకి మటుకు నిజం అదే. 1997 అక్టోబరులో బందీపూర్ దగ్గర కృపాకర్, సేనాని అనే వన్యప్రాణి ఛాయాగ్రాహకులను వీరప్పన్ పట్టుకుపోయాడు. వాళ్లెవరో పెద్ద సర్కారు మనుషులనుకున్నాడు. పద్నాలుగు రోజుల తర్వాత వదిలేశాడు. వాళ్లు ఆ రోజుల్ని పుస్తకంగా రాశారు. పిట్టలను, జంతువులను చూసే కళ్లతోనే వీరప్పన్‌నూ చూశారు గనక అందులో రాక్షసుడూ లేడు, వీరుడూ లేడు. నన్నడిగితే సినిమాలన్నీ ఒక పక్కన, ఆ పద్నాలుగు రోజులు ఒక పక్కన.

మరొక సంగతి చెప్పాలి. రాజ్‌కుమార్‌ను విడిపించడానికి టాడా కేసులు ఎత్తేద్దామని ప్రభుత్వం సిద్ధపడినప్పుడు, అబ్దుల్ కరీం అనే ముసలాయన సుప్రీంకోర్టుకు పోయాడు. 1992 ఆగస్టులో వీరప్పన్ మాటువేసి చంపిన ఎస్.ఐ. షకీల్ అహ్మద్ ఈయన కొడుకు. ఒక నటుడి కోసం నా కొడుకును చంపిన కేసులోని ముద్దాయిలను వదులుతారా అన్నది ఆయన ప్రశ్న. కోర్టు ఆయన పక్షాన నిలబడి నవంబరు 7న విడుదల కుదరదని తీర్పు చెప్పింది. నిజానికి నాటకమంతా ఇక్కడ వుంది! ఒక తండ్రి ఇంటికి రావాలని ఒక కుటుంబం, రాష్ట్రం యావత్తూ ఎదురుచూస్తున్నాయి. ఇక రాని కొడుకు కోసం ఇంకొక తండ్రి కోర్టు మెట్లెక్కాడు. ఎవరిది తప్పు? మా గదిలో దీని మీద తెల్లవారేదాకా వాదులాడుకున్నాం, తేలలేదు. కానీ ఆ జైల్లో వున్న వంద పైచిలుకు మందిలో చాలామంది వీరప్పన్ ముఖం కూడా చూడని పల్లెటూరివాళ్లని తర్వాత తేలింది. 2001లో ప్రత్యేక కోర్టు అత్యధికుల్ని నిర్దోషులని వదిలేసింది. అప్పటికి వాళ్లు యేళ్ల తరబడి లోపలే వున్నారు.

అంటే మూడో పక్షం ఒకటి వుంది. బందిపోటు, పోలీసు, ఈ ఇద్దరి మధ్యన పల్లె. జాతీయ మానవ హక్కుల సంఘం వేసిన జస్టిస్ సదాశివ కమిటీ ముందు ఆ పల్లెలవాళ్లు ప్రత్యేక దళాల చిత్రహింసల గురించి చెప్పుకున్నారు. 2007లో 89 మందికి 2 కోట్ల 80 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమని సంఘం చెప్పింది. ధర్మపురి జిల్లా వాచాత్తి సంగతి ఇంకా ఘోరం. 1992 జూన్ 20న గంధపు చెక్కలు దాచారంటూ అటవీ, పోలీసు, రెవిన్యూ సిబ్బంది ఆ గిరిజన గ్రామం మీద పడ్డారు. పద్దెనిమిది మంది స్త్రీలు అత్యాచారానికి గురయ్యారు. 2011లో కోర్టు ఆ 269 మంది ముద్దాయిలనూ దోషులన్నది. అప్పటికే వారిలో 54 మంది చనిపోయారు. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. వేటను మాత్రమే చూపించే కథలో వీళ్లు ఎక్కడో చెట్ల చాటున, పరుగెత్తే జనంగా మిగిలిపోతారు.

ఇక మన తెలుగువాడి సంగతి. పందిళ్లపల్లి శ్రీనివాస్ రాజమండ్రిలో 1954లో పుట్టారు. 1979లో అటవీ సర్వీసులో చేరి కర్ణాటకకు పోయారు. 1986లో వీరప్పన్ అటవీ శాఖకు చిక్కి తప్పించుకున్నాడు. ఆ తర్వాత శ్రీనివాస్ వీరప్పన్ సొంతవూరు గోపీనాథంలోనే మకాం పెట్టి, జనానికి మందులిచ్చి, ఇళ్లు కట్టించి, మారియమ్మ గుడి కట్టించి, ముఠాలోని వాళ్లను ఒక్కొక్కరినీ లొంగదీసుకుంటూ వచ్చారు. 1991 నవంబరులో లొంగిపోతానని కబురంపితే నమ్మి ఆయుధం లేకుండా పోయారు. వీరప్పన్ ఆయన్ను చంపి తల నరికాడు. ప్రభుత్వం కీర్తిచక్ర ఇచ్చింది. గోపీనాథం గుడిలో ఆయన ఫొటోకు ఈనాటికీ దండం పెడతారు. మేము ఐదుగురం వీరప్పన్ మీసం గురించి, అతని తుపాకుల గురించి గంటల తరబడి మాట్లాడుకున్నాం గానీ, మొదటి రాత్రి మాలో ఒక్కడి నోటా ఆయన పేరు రాలేదు. ఈ లోపం సినిమాదే అని తప్పించుకోవడానికి లేదు.

పేర్ల మాట వచ్చింది గనక ఒక పోలిక. అమెరికాలో మోంటానా రాష్ట్రపు కొండల్లో 1984 జూలైలో ఒక తండ్రీ కొడుకూ కలిసి, పరుగు సాధన చేసుకుంటున్న ఒక క్రీడాకారిణిని పట్టుకుపోయారు. కొడుక్కు పెళ్లాంగా కావాలట! వెతుకుతూ వచ్చిన ఆమె స్నేహితుణ్ణి కాల్చి చంపారు. ఆమె గాయంతో బయటపడింది. అయిదు నెలల గాలింపు తర్వాత డిసెంబరులో అక్కడి షెరిఫ్ వాళ్లను పట్టుకున్నాడు. 1987లో ఎన్.బి.సి. దీన్ని టి.వి. చిత్రంగా తీసింది. దాని పేరులో వున్నది బందీ పేరు. మన దగ్గర సినిమాకైనా డాక్యుమెంటరీకైనా పేరు పెడితే చంపినవాడి పేరే పెడుతున్నాం. పేరు ఎవరిదైతే కెమెరా వాళ్ల భుజం మీదనే వుంటుంది. అలాగని చంపినవాడి వాళ్లకు హక్కులు లేవని కాదు. 'వనయుద్ధం' మీద వీరప్పన్ భార్య సుప్రీంకోర్టు దాకా పోతే, 2013లో ఆమెకు 25 లక్షలు చెల్లించమన్నారు. బతికున్నవాళ్ల కథను వాళ్లనడక్కుండా అమ్ముకోవచ్చునా అనే ప్రశ్న మా సీమవాళ్లు కూడా వేయదగ్గదే.

వేట ముగింపు అయినా తెర కోరుకొనే రకం కాదు. ఇరవై యేళ్లు అడవిలో దొరకనివాడు 2004 అక్టోబరు 18 రాత్రి అడవిలో చావలేదు. కంటి వైద్యానికని అంబులెన్సులో బయటికి వచ్చి, పాప్పరపట్టి దగ్గర రోడ్డు మీద విజయకుమార్ దళం తుపాకులకు చచ్చాడు. బండి తోలినవాడూ పోలీసే.

మిత్రులారా, ఇదంతా తమిళ, కన్నడ అడవుల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. వాళ్లది గంధం, మనది ఎర్రచందనం. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల చుట్టుపక్కలనే. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ సిబ్బందిని దుంగలు కొట్టేవాళ్లు చంపారు. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో ఇరవై మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చచ్చారు. 2021లో 'పుష్ప' వచ్చింది. అది యథార్థమని చెప్పుకోలేదు గనక దాన్ని తప్పుపట్టే పని నాకు లేదు. పాటలకు నేనూ చిందులు వేశాను. కానీ ఈ నాలుగు వాక్యాల్లో మీకు గుర్తున్నదెంత? 'పుష్ప' హీరో నడక అందరికీ వచ్చు. ఆ ఇద్దరి పేర్లు, ఆ ఇరవై మంది వూళ్లు మాలో ఎవరికీ రావు. రేపు ఎవరో ఒకరు 'యథార్థ సంఘటనల ఆధారంగా' అని శేషాచలం కథను టి.వి.కి తీయక మానరు. అప్పటికి ఆ అడవి అంచు పల్లెల్లో ఎవరేం చూశారో మన యూనివర్సిటీ పిల్లలు రాసిపెట్టి వుంటే, వచ్చిన సినిమాను పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక కాగితమన్నా వుంటుంది. నేను ఈ వేసవిలో ఒక ప్రొటెక్షన్ వాచర్‌తో మొదలుపెట్టాను. ఆయన మొదట చెప్పింది తుపాకుల గురించి కాదు. రాత్రిళ్లు అడవిలో తాగేందుకు నీళ్లు దొరకవని.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు 'కిల్లింగ్ వీరప్పన్' అవ్వకు కూడా చూపించాను. అందులో వీరప్పన్‌ను వెంటాడే పోలీసు అధికారి వేషం వేసింది శివరాజ్‌కుమార్, అంటే ఆ బందీ అయిన రాజ్‌కుమార్ కొడుకే. ఈ సంగతి చెబితే అవ్వ చాలాసేపు తెరకేసి చూసింది.

"వాళ్ల నాయన సూసినాడా అబ్బీ, ఈ సినిమా?"

"లేదవ్వా. ఆయన 2006లోనే పోయినాడు."

"అట్లనా," అని, ఫోను నా చేతికిచ్చి, కన్నప్ప సినిమా దొరుకుతుందేమో చూడమన్నది.