మదుపుదారుల సభ – దాని ఏర్పాటు

మన పాఠశాలలో వాణిజ్యశాస్త్రము చదువు పిల్లల తల్లిదండ్రులలో పెక్కుమంది చిన్న వ్యాపారులు. కొందరు చేనేత పనివారు. తమ పిల్లలు రేపు సొంతముగ ఒక కంపెనీని స్థాపింపవలెనని ఆశించువారును కలరు. గత సంవత్సరము ఒక తండ్రిగారు మా యొద్దకు వచ్చి, పట్టణములోని ఒక పెద్ద హోటలు హాలులో ఏదో కంపెనీవారు జరిపిన సభకు పోయితిననియు, కుమార్తె పెండ్లికై దాచిన సొమ్మును అచ్చటనే అప్పగించితిననియు, ఇప్పుడా కంపెనీ తలుపులు మూసియున్నవనియు చెప్పి కంట తడిపెట్టిరి. సభలో ఏమి చెప్పిరని మేము అడిగితిమి. “దీపాలు బాగున్నాయి అయ్యా, భోజనం బాగుంది. లెక్కలు మాత్రం ఒక్కటీ గుర్తు లేదు” అనిరి.

ఆ మాట మమ్ము చాల దినములు వదలలేదు. సభ జరుపువారికిని, సభకు పోవువారికిని ఉపయోగపడునట్లు ఈ పాఠమును వ్రాయ సంకల్పించితిమి.

సభ దేనికి?

కంపెనీ యనగా పలువురు సొమ్ము కూర్చగా కొందరు నడుపు వ్యాపారము. సొమ్ము పెట్టినవారు పదివేలమంది యుండవచ్చును, నడుపువారు పదిమందియే. ఆ పదిమంది ఈ పదివేలమందికి జవాబు చెప్పుకొను తావే సభ. ఇది గుర్తున్నచో తక్కిన ఏర్పాటులన్నియు తమంత తామే తెలియును.

మన తమిళనాటి ఉదాహరణమునే చూతము. 1906లో తూత్తుకుడిలో వ. ఉ. చిదంబరం పిళ్ళైగారు స్వదేశీ ఓడల కంపెనీని స్థాపించిరి. మూలధనము 10 లక్షల రూపాయలు. దానిని 25 రూపాయల చొప్పున 40,000 వాటాలుగ విభజించిరి. వాటా వెల తక్కువగుటచే సామాన్యులకును అందులో చోటు దొరకినది. తూత్తుకుడి, కొలంబోల నడుమ మన ఓడ నడువవలెనన్న ఆశయము ఒక్క వాక్యములో చెప్పదగినది. విన్నవాడు ఇంటికి పోయి భార్యకు చెప్పగలిగినది. తెల్లవారి కంపెనీ పోటీగా టిక్కెట్టు ధర తగ్గించినది. 1908లో పిళ్ళైగారు చెరసాల పాలైరి. 1911లో కంపెనీ మూతపడినది. నిజాయితీగల ప్రయత్నము సైతము నష్టపోవచ్చును. కావున నష్టభయమును దాచక చెప్పుట సభాకర్తల ప్రథమ ధర్మము.

ఏర్పాటు చేయు విధము

మొదట, ఈ సభ ఎందుకన్న ప్రశ్నకు ఒక్క వాక్యములో జవాబు వ్రాసికొనవలెను. ఆ వాక్యమునకు చెందని ఉపన్యాసమును, వినోదమును తీసివేయవలెను.

రెండవది, తేదీ, స్థలము. వాటాదారుల వార్షిక సభకు 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము సామాన్యముగ 21 పూర్తి దినముల ముందు నోటీసు పంపవలెను. సభను ఉదయము 9 గంటలకును సాయంకాలము 6 గంటలకును మధ్యనే, జాతీయ సెలవుదినము కాని దినమున ప్రారంభింపవలెను. స్టాక్ ఎక్స్‌ఛేంజిలో నమోదైన కంపెనీ మదుపుదారులతో సమావేశము జరిపినచో, ఆ సంగతిని ఎక్స్‌ఛేంజికి ముందుగానే తెలిపి, అచ్చట చూపు పట్టికలను అందరికిని అందుబాటులో ఉంచవలెను. హాలులో కూర్చున్నవానికి తెలిసిన రహస్యము ఇంటనున్న వాటాదారునకు తెలియకుండుట అన్యాయమని దీని భావము.

మూడవది, చూపవలసినది. రంగుల బొమ్మలకంటె వస్తువే మేలు. నేత కంపెనీ యైనచో బట్టను చేతికి ఇయ్యవలెను. వీలైనచో మగ్గము వద్దకు తీసికొనిపోవలెను. అంకెలు కొద్దిగ నుండవలెను: అమ్మకమెంత, అప్పెంత, చేతనున్న నగదెంత, గత సంవత్సరము చెప్పినదానిలో నెరవేరనిదెంత. నెరవేరనిదానిని ముందు చెప్పినవాని తక్కిన మాటలను జనులు నమ్ముదురు.

నాల్గవది, ప్రశ్నలు. సభాకాలములో సగమైనను ప్రశ్నలకు విడువవలెను. వెనుకవరుసకును మైకు అందవలెను. ప్రశ్నించువాడు తన భాషలో అడుగవచ్చునని ముందే ప్రకటింపవలెను. ఇంగ్లీషు రానందున నోరు మూసికొని కూర్చున్నవాని సొమ్ము సైతము సొమ్మే. అక్కడ జవాబు దొరకని ప్రశ్నలకు తరువాత వ్రాతమూలకముగ జవాబు పంపవలెను.

ఆడంబరము చాలదు

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ కంపెనీ 2008లో ఉత్తమ పరిపాలనకై బహుమానమును పొందినది. ఆ డిసెంబరు 16వ తేదీన, అధ్యక్షుని కుటుంబమునకు సంబంధించిన రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనుటకు నిర్ణయించినది. మదుపుదారులు గట్టిగ అభ్యంతరము చెప్పగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయమును విరమించినది. 2009 జనవరి 7వ తేదీన అధ్యక్షుడు, ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లేఖ వ్రాసి ఒప్పుకొనెను. బహుమానములు ఆపలేని పనిని, ఆ డిసెంబరు దినమున ప్రశ్నలు ఆపగలిగినవి.

పిల్లల సభ

ఈ పాఠమును పిల్లలచే ఆచరింపజేసితిమి. వారు నోటుపుస్తకములు కుట్టి అమ్ము ఒక చిన్న సంఘమును పెట్టిరి. ఉపాధ్యాయులము పది రూపాయల వాటాలు కొంటిమి. సంవత్సరాంతమున సభ జరిపి తల్లిదండ్రులను పిలిచితిమి. తోరణములు లేవు, మజ్జిగ ఇచ్చితిమి. పండ్రెండవ తరగతి బాలిక యొకతె లేచి, మొట్టమొదట వానకు తడిసి పాడైన పుస్తకమును పైకెత్తి చూపి, ఇట్టివి ఇరువదియారు పోయినవని చెప్పినది. పిమ్మటనే లాభమును చెప్పినది. మొదటి ప్రశ్న అడిగినవారు పైన చెప్పిన తండ్రిగారే. “కాగితాన్ని ఇక ఎక్కడ దాస్తారమ్మా?” అనిరి. పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. ఆ సంగతి వారు ఆలోచింపనేలేదు. మరునాడు వచ్చి, బల్లపై ఎత్తుగ పెట్టుదుమని జవాబు వ్రాసి యిచ్చిరి. ఆ సభ మాకందరకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది.

తల్లిదండ్రులకు మనవి

ఇట్టి సభకు పిలుపు వచ్చినప్పుడు పొండు; భోజనము చేయుడు; కాని ఆ దినమున సంతకము చేయకుడు. ఆడిటరు సంతకము చేసిన లెక్కలను అడుగుడు. కంపెనీ నమోదైనదో లేదో విచారింపుడు. నమోదు మాత్రము చాలదు. ప్రజలయొద్ద డిపాజిట్లు తీసికొనుటకు దానికి అనుమతి కలదో అడుగుడు. అనుమతి లేని డిపాజిట్ల పథకములను 2019 నాటి చట్టము నిషేధించినది. చదువుకొనుచున్న మీ పిల్లను గాని, పిల్లవానిని గాని వెంట తీసికొనిపోయి ఆ లెక్కల కాగితమును చదివించుకొనుడు. అర్థము కానిచో మా యొద్దకు రండు. బడి వేళ ముగిసిన పిదప మేము ఇచ్చటనే యుందుము.