కాలవ గట్టు – తప్పటడుగులు

కాటన్ దొర పూనికతో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. దానితో మన డెల్టాకు అన్నం దొరికింది. అన్నంతోపాటు నీరు కూడా గుమ్మం దాకా వచ్చింది. కాలవ గట్టునే ఇల్లు, రేవులోనే గిన్నెలు, పెరట్లో చెరువు. భీమవరం వైపు చేపల చెరువులూ తోడయ్యాయి.

పసిపిల్లలకు ప్రమాదాలనగానే వేడి గంజి, కిరసనాయిలు సీసా, మింగిన బిళ్ళ గుర్తుకొస్తాయి. అవీ ఉన్నవే, కాదనను. కాని మన ప్రాంతపు బిడ్డకు నీటిని మించిన గండం లేదని నా అభిప్రాయం. ఏడాదిన్నర బిడ్డకు ఒంటితో పోల్చితే తల బరువు. బకెట్టులోకి తొంగిచూసి తలకిందులైతే తిరిగి లేవలేడు. జానెడు నీళ్ళు చాలు. అరుపూ ఉండదు, కేకా ఉండదు. సినిమాల్లోలాగా 'రక్షించండి' అనడం పసివాడికెక్కడిది? ఊపిరాడని నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినసాగుతుంది. తల్లి అన్నం వార్చి వచ్చేసరికి అంతా అయిపోతుంది.

బంగ్లాదేశ్ కూడా మనలాగే డెల్టా. ఈ మరణాలు ఎక్కువగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 లోపల, ఇంటి దగ్గరే, తల్లి పనిలో ఉండగా జరుగుతున్నాయని అక్కడి పరిశోధకులు గమనించారు. ఆ వేళల్లో పిల్లల్ని కనిపెట్టి ఉండడానికి ఊళ్ళలో 'ఆంచల్' అనే కేంద్రాలు పెట్టారు. వాటికి వచ్చే పిల్లల్లో నీటి మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి.

మనకు 1975 నుంచి అంగన్‌వాడీలున్నాయి గదా అంటారేమో. ఉన్నాయి. కాని అక్కడి బడి మూడేళ్ళు నిండినవాళ్ళకి. ఆలోపువాళ్ళకి ముఖ్యంగా అందేది ఆహారం. కాలవలోకి నడిచేదేమో తప్పటడుగుల వాడు! తల్లిని తప్పుపట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఊడ్పుల రోజుల్లో చేలోకి వెళ్ళకపోతే కూలి ఎవరిస్తారు?

గుమ్మానికి అడ్డుతలుపు, రేవు దగ్గర వెదురు దడి, నూతికి మూత, వాడిన బకెట్టు బోర్లించడం – ఇవేమీ పెద్ద ఖర్చులు కావు. ఆరేళ్ళు దాటాక ఈత నేర్పాలి.

నీట్లోంచి తీసిన బిడ్డను కాళ్ళు పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం మాత్రం మానాలి. దానివల్ల ఊపిరి రాకపోగా, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఐదుసార్లు ఊదాలి. అయినా చలనం లేకపోతే రొమ్ము మధ్య 30 నొక్కులు, 2 ఊపిర్లు చొప్పున, 108 వచ్చేదాకా ఆపకూడదు. ఇది చదివితే రాదు, చేతితో నేర్చుకోవాలి. మన ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో రోడ్లు ఊడ్చే పూట ఒకటి తగ్గించి దీనికిస్తే బాగుంటుంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు గనుక రేవుల్లో దడులు కట్టడానికీ అదే అదను.