స్పెల్ట్ గోధుమ సంగతి తర్వాత, ముందు మాగాణి సంగతి

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉద్యోగం చేసుకుంటూ, చెరుకుపల్లిలో నాన్నగారి పొలాన్ని సేంద్రియంలోకి మార్చాలనుకునే వారికి ఒక ఆశ ఉంటుంది. సూపర్‌మార్కెట్లో స్పెల్ట్ గోధుమ పిండి ధర చూడగానే, ఇదేదో మన పొలంలోనే వేస్తే పోలా అనిపిస్తుంది. వేయకండి. ఎందుకు వద్దో తెలిస్తే ఏది వేయాలో కూడా తేలుతుంది.

స్పెల్ట్ జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా చలికి అలవాటుపడ్డ పాతకాలపు గోధుమ. కొన్ని వారాలు గట్టి చలి తగిలితే తప్ప దాని రకాల్లో చాలావాటికి వెన్ను రాదు. మనకు జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా 17, 18 డిగ్రీలు ఉంటుంది. పైరు దుబ్బు కడుతుంది గానీ గింజ చేతికి రాదు. వచ్చినా నూర్పిడితో పొట్టు ఊడదు, దానికి వేరే మిల్లు కావాలి. గోధుమే చూడాలన్న పట్టుదల ఉంటే ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఖప్లీ రకం డీడీకే 1025ను నీరు నిలవని మెరక చెక్కలో ఐదు సెంట్లలో, నవంబరు నడుమ విత్తి చూడండి. అంతకు మించొద్దు.

మీ నేల ఏది?

చెరుకుపల్లి నల్లరేగడి మాగాణిలో సార్వా వరి తర్వాత మినుముకు సాటి లేదు. కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును ఉండగా, ఎకరాకు 16–18 కిలోల విత్తనం వరిలోనే చల్లుతారు. మిగిలిన తేమతోనే పంట వస్తుంది.

రేపల్లె, నిజాంపట్నం వైపు ఉప్పు చూసుకోవాలి. మట్టి పరీక్షలో ఈసీ (ఉప్పు కొలత) 4 దాటితే మినుము నిలవదు. చౌడు అనగానే జిప్సం కొనేయకండి. అది పీహెచ్ 8.5 దాటిన కారుచౌడుకు మందు. తెల్లచౌడుకు మంచినీళ్లు పెట్టి, ఉప్పును మురుగుకాలువలోకి దించాలి. రెంటిలోనూ వరికి ముందు జీలుగ ఎకరాకు 10–12 కిలోలు చల్లి, పూత దశలో కలియదున్నితే మేలు.

బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగ, కూరగాయలు నయం. అక్కడ దొరువులో నీళ్లు ఒక్కసారే తోడేస్తే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది. కొంచెం కొంచెంగా తోడుకోవాలి.

మందు కొట్టని మినుములో

అసలు శత్రువు బంగారు తీగ. ఆకు లేని పసుపుపచ్చ దారాలు మినుము మొక్కను చుట్టుకుని రసం పీల్చేస్తాయి. దాని గింజ మినుముకన్నా బాగా చిన్నది. అందుకే విత్తనాన్ని జల్లెడ పట్టాకే చల్లాలి. చేలో కనబడితే అది పూత పూయకముందే, చుట్టుకున్న మొక్కతో సహా పీకి కాల్చేయాలి. తీగను తెంపి గట్టున పడేస్తే ఆ ముక్కే మళ్లీ అల్లుకుంటుంది. చేనంతా పాకితే మరుసటి ఏడు జొన్నో మొక్కజొన్నో వేయండి, వాటిని ఇది పట్టదు. పల్లాకు తెగులుకు తట్టుకునే రకం అడిగి తీసుకోండి, ఎల్‌బీజీ 787 లాంటివి.

ఉద్యోగం మానకండి

సేంద్రియ ముద్ర మొదటి పంటకే రాదు. జాతీయ సేంద్రియ నిబంధనల ప్రకారం ఏడాది పంటలకు విత్తే నాటికి రెండేళ్ల మార్పు కాలం పూర్తవ్వాలి. ఆ రెండేళ్లూ సేంద్రియమని చెప్పి అమ్మలేరు, దిగుబడీ తగ్గవచ్చు. ఆ లోటును జీతమే పూడ్చాలి. కాబట్టి ఎకరంతో మొదలుపెట్టండి. పక్క రైతులతో కలిసి కనీసం ఐదుగురైతే పీజీఎస్ (రైతులే ఒకరి పొలం ఒకరు చూసి సేంద్రియమని పూచీపడే పద్ధతి) బృందంగా నమోదు కావచ్చు. ఘనజీవామృతం, ద్రవజీవామృతం తయారీకి ఊళ్లోని ప్రకృతి వ్యవసాయ సిబ్బందిని అడగండి. రైతు సాధికార సంస్థ వారి ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని 2016 నుంచి నేర్పిస్తోంది.

సెలవులను పండగలకు కాక పొలానికి దాచుకోండి. కోత, మినుము చల్లడం, బంగారు తీగ పీకడం ఫోన్లో చెప్పి చేయించే పనులు కావు. తుఫానూ ఆ రోజుల్లోనే వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. మళ్లీ చల్లుకోవడానికి సరిపడా విత్తనం విడిగా ఉంచుకోండి.

ఈ వేసవిలో చేయాల్సింది ఒక్కటే. ఎకరానికి ఎనిమిది పది చోట్ల, జానెడు లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపండి. విత్తనం కొనడం ఆ కాగితం వచ్చాకే.