రంగులో ఒక అక్షరం



ఇంగ్లీషులో ‘కలర్’ అనే మాటను బ్రిటన్‌లో ‘యు’ అక్షరంతో రాస్తారు, అమెరికాలో అది లేకుండా రాస్తారు. 1755లో లండన్‌లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు మొదటి పద్ధతికి బలమిచ్చింది. నోవా వెబ్‌స్టర్ 1806లోనూ 1828లోనూ తెచ్చిన నిఘంటువులు అమెరికాలో రెండో పద్ధతిని నిలబెట్టాయి. ‘సెంటర్’ చివరి ‘ఆర్‌ఈ’ని ‘ఈఆర్’ చేయడమూ ఆ కోవదే. తెలుగు రాష్ట్రాల బడుల్లో నేర్పేది ఎక్కువగా బ్రిటిష్ స్పెల్లింగు. కోడ్‌లో ఎదురయ్యేది ఎక్కువగా అమెరికన్. తికమక అక్కడే మొదలవుతుంది.

మనిషి కంటికి ఆ రెండూ ఒకే మాట. కంప్యూటర్‌కు వేర్వేరు పేర్లు. వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో రంగు ప్రాపర్టీ పేరుకు ‘యు’ చేరిస్తే బ్రౌజర్ ఆ వరుసను పట్టించుకోదు. పేజీ మీద ఎర్రర్ ఏదీ కనబడదు. ఎర్రగా రావలసిన అక్షరాలు నల్లగానే ఉండిపోతాయి. పైథాన్ భాషలో చిక్కు ఇంకా లోతు. ఆబ్జెక్ట్‌లో ‘యు’ లేని పేరుతో ఉన్న విలువను మార్చబోయి ‘యు’తో రాస్తే, మామూలు క్లాసుల్లో ఆ పేరుతో కొత్త అట్రిబ్యూట్ పుట్టుకొస్తుంది. పాత విలువ అలాగే ఉంటుంది. ప్రోగ్రామ్ ఆగదు, ఫలితం తప్పుతుంది.

కొన్నిచోట్ల రెండు పద్ధతులూ చెల్లుతాయి. సీఎస్ఎస్‌లో బూడిద రంగు పేరును ‘ఏ’తో రాసినా ‘ఈ’తో రాసినా ఫరవాలేదు. ఆర్ భాషలోని జీజీప్లాట్2 ‘కలర్’ను ఎలా రాసినా తీసుకుంటుంది. ‘క్యాన్సిల్డ్’ దగ్గర మాత్రం ఎవరి దారి వారిది: పైథాన్ అసింక్‌ఐఓ లైబ్రరీలో రెండు ‘ఎల్’లు, గో భాష కాంటెక్స్ట్ ప్యాకేజీలో ఒకటే.

ఇక వెబ్‌లో సమాచారం పంపే పద్ధతి అయిన హెచ్‌టీటీపీలోని ‘రెఫరర్’ హెడర్ ఏ దేశపు స్పెల్లింగూ కాదు, ఉత్త పొరపాటు. మాట నడుమ రెండు ‘ఆర్’లకు బదులు ఒకటే పడింది. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనూ అలాగే ఉంది, నేటికీ అలాగే నడుస్తోంది. పదిమంది ప్రోగ్రాములు ఒక పేరు మీద ఆధారపడ్డాక దాన్ని దిద్దితే అవన్నీ చెడతాయి.

అందుకే భాష, లైబ్రరీ ఇచ్చిన పేర్లను ఉన్నవి ఉన్నట్టే రాయాలి. బృందం సొంతంగా పెట్టే పేర్లకు ఒకే పద్ధతి ఎంచుకుని, దాన్ని ప్రాజెక్ట్ నియమాల్లో రాసిపెట్టాలి. రెండు పద్ధతులూ కలిస్తే కోడ్‌లో వెతికినప్పుడు సగం చోట్లు దొరకవు. తెర మీద మనుషులు చదివే వాక్యాల్లో మాత్రం ఆ పాఠకుల దేశపు స్పెల్లింగే ఉండాలి.

ఇట్లు,
మామయ్య