సంకల్పంలోని నది: తుంగభద్రా హంద్రీ పరీవాహకాల పాఠం

పూజకు ముందు మనం సంకల్పం చెప్పుకొంటాము. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ నిలిచి ఈ కర్మ చేస్తున్నామో పేరుపేరునా స్మరిస్తాము. భక్తుని చిరునామాను పర్వతాలతోను, నదులతోను చెప్పించిన పెద్దల దృష్టి గమనింపదగినది. మనం ఏ నేలపై నిలిచినా, అక్కడ కురిసిన వాన ఏదో ఒక నదికి చేరవలసిందే. ఆ నది మంచిచెడ్డలలో మనకూ పాలు ఉన్నది.

నది ఎక్కడ మొదలవుతుంది?

పడమటి కనుమలలో పుట్టిన తుంగ, భద్ర అనే రెండు నదులు కూడలి వద్ద కలిసి తుంగభద్ర అవుతాయి. 1953లో పూర్తయిన హోస్పేట ఆనకట్టను దాటి ఆ నది మన జిల్లాకు వచ్చి, మంత్రాలయాన్ని తాకి, కర్నూలు మీదుగా సాగి, సంగమేశ్వరం వద్ద కృష్ణలో లీనమవుతుంది. ఆదోని కొండలపై పడిన వానచినుకు వంకలుగా, వాగులుగా జారి తుంగభద్రనే వెదకుకొంటుంది. ఎమ్మిగనూరుకు దక్షిణాన ప్రవహించే హంద్రీ నది మద్దికెర ప్రాంతపు పొలాలలో పుట్టి, గోనెగండ్ల సమీపాన గాజులదిన్నె జలాశయాన్ని నింపి, కోడుమూరు మీదుగా కర్నూలు చేరి తుంగభద్రలో కలుస్తుంది.

ఒక వాగులోకి ఎంత నేలమీది వాన చేరుతుందో, ఆ నేలంతా ఆ వాగుకు పరీవాహకం. గట్టు, చేను, చెరువు, వీధి, మురుగుకాలువ అన్నీ అందులోనివే. కనుక మనం స్నానమాడే రేవు నదికి ముఖం వంటిది. దేహమంతా ఎగువన ఉన్నది.

మాలిన్యం ఎట్లా కలుగుతుంది?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశం మొత్తం మీద 351 కలుషిత నదీభాగాలను గుర్తించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న అయిదింటిలో మంత్రాలయం నుండి బావాపురం వరకు గల తుంగభద్ర ఒకటి. నిత్యం వేలమంది తీర్థంగా తలపై చల్లుకొనే నీరు ఆ పట్టికలో ఉండడం మనకు బాధ కలిగించవలసిన విషయం.

ఆ కొలత ఏమిటో తెలుసుకొందాము. నీటిలో కలిసిన మలినాలను సూక్ష్మజీవులు కరగించేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును వాడుకొంటాయి. ఆ అవసరం లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు స్నానానికి తగదు. అట్లే లీటరు నీటిలో కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలి. మలంనుండి వచ్చే సూక్ష్మజీవులు 100 మిల్లీలీటర్లకు 2500 మించరాదు. ఇవేవీ కంటికి కనబడవు. తేటగా ఉన్న నీరంతా శుద్ధమని భావించుట పొరపాటు.

హంద్రీ స్థితి మరింత శోచనీయం. వానలు లేని నెలలలో ఆ నదిలో స్వంత ప్రవాహం ఉండదు. కర్నూలు నగరపు మురుగు మాత్రం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. పలుచన చేయవలసిన మంచినీరు లేనప్పుడు మురుగే నది అవుతుంది. అదే హంద్రీ, తుంగభద్రతో కలిసి 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచివేసినది. ఆనాటి వర్షం అసాధారణమైనదే. అయినా ఏటా వేసవిలో చుక్క లేకపోవడం, వానకు ఒక్కసారిగా పొంగడం ఒకే లోపానికి రెండు రూపాలు: పడిన నీటిని పట్టి, ఇంకించి, మెల్లగా వదలే శక్తి ఎగువ నేలకు తగ్గిపోయినది.

పూర్వులు చూపిన దారి

యజ్ఞాదులు ఇష్టమని, బావులు, చెరువులు, తోటలు, ఆలయాలు నిర్మించుట పూర్తమని ధర్మశాస్త్రాలు చెప్పినవి. మన తెలుగువారు కీర్తించే సప్తసంతానాలలో తటాకం ఒకటి. నీటిలో మలమూత్రాలు, ఉమ్మి వేయరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయం నిషేధించినది.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు నిర్మించి, మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, తగని 6 దోషాలను రాతిపై చెక్కించాడు. ఆ సాధనాలలో నీటిశాస్త్రం తెలిసిన పండితుడు ఒకడు. నీరు కొంచెమై, తడుపవలసిన నేల ఎక్కువగుట ఆ దోషాలలో ఒకటి. భక్తికి లెక్క తోడుగా ఉండవలెనని దీని సారం. నేడు చెక్‌డ్యాము కట్టించదలచిన దాతకూ ఇదే హెచ్చరిక: తెలిసినవారిని సంప్రదించక కట్టిన అడ్డుకట్ట దిగువవారి నీటిని హరించగలదు.

ఒక నదిని సేవతో కడిగినవారు

పంజాబులో కాలీ బేయీ అనే 160 కిలోమీటర్ల నది సిక్కులకు పవిత్రమైనది. గురునానక్ స్నానమాడిన నదిగా ప్రసిద్ధి. ఊళ్ల మురుగుతో, గుర్రపుడెక్కతో అది పూడిపోయినది. 2000 సంవత్సరంలో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ నాయకత్వంలో భక్తులు కరసేవగా అందులో దిగి, డెక్కను, పూడికను చేతులతో తొలగించారు. సీచేవాల్ గ్రామంలో మురుగును నదికి వదలక శుద్ధిచేసి పొలాలకు మళ్ళించారు. నదిలో ప్రవాహం తిరిగి వచ్చినది. తరువాతి కాలంలో మురుగు మళ్ళీ చేరిన చోట నీరు మళ్ళీ చెడినది కూడా. కాబట్టి నదీసేవ ఒకనాటి ఉత్సవంతో ముగిసేది కాదని, నిత్యారాధన వంటిదని గ్రహించాలి.

మన కర్తవ్యం

ఎగువన రైతు చేనుగట్టు వేసి, వాన నీటితో మన్ను కొట్టుకొనిపోకుండా చూడాలి. చెరువులలో పూడిక తీయించి, చెరువుకు నీరు తెచ్చే వాగుదారులను ఆక్రమణల నుండి కాపాడాలి.

పట్టణంలో శుద్ధి కాని మురుగు వాగులో పడకుండా పురపాలక సంఘాన్ని అడుగుట పౌరధర్మం. చెత్తను వంకలో వేయకుండుట గృహస్థధర్మం.

రేవు వద్ద యాత్రికుడు సబ్బు, నూనె, ప్లాస్టిక్ సంచులు, పాత పటాలు నీటిలో వదలరాదు. విడిచిన వస్త్రాలను నదిలో పారవేసే అలవాటు మానాలి. మంత్రాలయ యాత్రికులు ఇళ్లలోని పిల్లలకు ఈ నియమం ముందుగానే బోధించి తీసుకొనిరావాలి.

దాతలకు ఒక మనవి. మెట్లు కట్టిస్తే పేరు శిలాఫలకంపై నిలుస్తుంది. పూడిక తీయిస్తే పేరు కనబడదు, నీరు నిలుస్తుంది. మీ ఊరి చెరువుకు ఇచ్చిన విరాళం కూడా పూర్తధర్మమే. దేవుని రేవుకు పంపిన కానుకతో అది సమానం.

2020 నవంబరు 20 నుండి డిసెంబరు 1 వరకు జరిగిన తుంగభద్ర పుష్కరాలలో కోవిడ్ కారణంగా నదీస్నానంపై ఆంక్షలు ఉండి, భక్తులు చాలామంది జల్లుస్నానాలతో తృప్తిపడవలసి వచ్చినది. తిరిగి పుష్కరుడు 2032లో తుంగభద్రకు వస్తాడు. ఆనాడు మన పిల్లలు మూడు మునకలు వేయబోయే నీరు నేడు ఆదోని వంకలలో, గోనెగండ్ల చేలలో, కర్నూలు కాలువలలో తయారవుతున్నది.

ఈ మాసంలో ఒక పని చేయండి. మీ వీధిలో పడిన వాన ఏ వంకలో కలిసి, ఏ చెరువు దాటి, ఏ నదికి చేరుతుందో ఊరి పెద్దలను అడిగి తెలుసుకొని, ఒకసారి ఆ దారివెంట నడచి చూడండి. తరువాత సంకల్పంలో నది పేరు పలికినప్పుడు ఆ దారి మీకు గుర్తుకు వస్తుంది. భగవంతుడు మనకా స్మరణను, దానికి తగిన ఆచరణను ప్రసాదించుగాక.