రేడారు తరంగములను మ్రింగు తేలిక పదార్థములు

బావిలోనికి వంగి కేక వేసినచో గోడలు ఆ కేకను మరల మనకే వినిపించునని బాలబాలికలందఱు ఎఱుగుదురు. రేడారును అట్లే రేడియో తరంగములను పంపి, విమానపు లోహమును తాకి మరలివచ్చిన వానిని పట్టి, దూరమును గణించును. ఆ మరలివచ్చు తరంగమును అణచగల పదార్థమును, అదియు విమానము మోయగలంత తేలికగా, చేయుట యెట్లో యిచట వివరింప నెంచితిమి.

బొగ్గు జాతిదగు కార్బను విద్యుత్తును కొంత నిరోధముతో ప్రవహింపనిచ్చును. తరంగము దానిలో ప్రవేశించినపుడు దాని శక్తి వేడిగా మారును. అట్లయిన దట్టముగా కార్బను పూసిన చాలదా యని విద్యార్థులు మమ్మడుగవచ్చును. చాలదు. దట్టపుపూత అద్దమువలె తరంగమును పైనుండియే త్రోసివేయును. మ్రింగవలెనన్న ముందు లోనికి రానీయవలెను. చిక్కంతయు ఇచటనే యున్నది.

దీనికి అమెరికా దేశీయుడగు సాలిస్బరీ 1943లో పేటెంటు కోరిన ఉపాయము ముచ్చటైనది. లోహపు రేకునకు ముందు, తరంగపు పొడవులో నాలుగవ వంతు దూరమున, చదరమునకు 377 ఓముల నిరోధముగల పలుచని పొరను నిలుపవలెను. పొరనుండి మరలునదియు, లోహమునుండి మరలునదియు ఒకదానినొకటి మాపుకొనును. శక్తి పొరలోనే వేడియై పోవును. లెక్క కట్టి చూడుడు: సెకనుకు 1,000 కోట్ల కంపనములుగల తరంగపు పొడవు 3 సెంటీమీటర్లు, నాలుగవ వంతు 7.5 మిల్లీమీటర్లు. నడుమ నుంచునది నురుగువంటి పదార్థము, అందు అధికభాగము గాలియే. కావున బరువు స్వల్పము. కాని కంపనములు రెట్టింపైనచో ఆ ఎడము తరంగములో సగమగును. పొర యుండియు లేనట్లే, లోహము మునుపటివలె ప్రతిఫలించును.

ఇనుపపొడి కలిపిన రబ్బరు పలుచగా నుండియు చక్కగా పీల్చును గాని మిక్కిలి బరువు. ఓడకది లెక్కలేదు, విమానమునకు భారము. అందుచే తేనెపట్టువంటి గదులుగల కాగితపు అల్లికకు కార్బను పూయుదురు: పైన పలుచగా, లోనికి పోవుకొలది దట్టముగా. ఎచటను హఠాత్తుగా గోడ ఎదురుపడనందున తరంగము లోనికి సాగుచు క్షీణించును. పైన గాజునూలు పలక నంటింతురు. గాజు తరంగమును పోనిచ్చును. పట్టు విమానపు బలమునకును తోడ్పడును. సంయుక్త పదార్థమనగానే రేడారునకు కానరాదని కొందఱనుట సరికాదు. కార్బను నూలుతో నేసిన పలక లోహమువలెనే ప్రతిఫలించును.

రేడారు పరీక్షలు జరుపు గదుల గోడలకు కార్బను పట్టించిన నురుగు గోపురములను బారులుగా అమర్చుదురు. తరంగము వాని సందులలో బడి, తాకిన ప్రతిచోటను కొంత శక్తిని కోల్పోవును. గదిలో తావునకు కొదువ లేదు. ఒక మీటరు పొడవుగల తరంగమునకు నాలుగవ వంతనగా 25 సెంటీమీటర్లు. విమానపు రెక్కపై అంత మందమును ఎచట నుంచుదురు?